దండు వెంట బజారు – 7: ఎద్దులు తేల్చిన యుద్ధం

1687లో గోల్కొండ కింద దిగిన ఔరంగజేబు దండు ఎనిమిది నెలలపాటు ఆకలితో, వానతో, రోగాలతో ఎలా పెనుగులాడిందో గత భాగంలో చూశాం. అంత పెద్ద పాదుషాహీ సైన్యానికి కోట గోడలకంటే గింజల కొరతే గట్టి శత్రువైంది. చివరికి లంచం పుచ్చుకున్న చెయ్యి తలుపు తీస్తే తప్ప కోట లొంగలేదు. ఈ భాగంలో వందేళ్లకు పైగా ముందుకొచ్చి శ్రీరంగపట్నం దారి పడుతున్నాం. ఈ కథలో కోట ఒకటే, సేనాపతి ఒకడే, ఎదురు నిలిచిన రాజూ ఒకడే. 1791 మేలో గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ ఆ కోట దగ్గరిదాకా వెళ్లి, యుద్ధంలో గెలిచి కూడా, తన పెద్ద ఫిరంగులను తానే ధ్వంసం చేసుకుని వెనుదిరిగాడు. 1792 ఫిబ్రవరిలో మళ్లీ వచ్చి నెల తిరక్కుండానే టిపూ సుల్తాన్‌ను సంధికి ఒప్పించాడు. ఈ తొమ్మిది నెలల్లో ఏం మారింది? పాఠ్యపుస్తకాలు నిజాంతో, మరాఠాలతో ఈస్టిండియా కంపెనీ కట్టిన కూటమిని, కార్న్‌వాలిస్ యుద్ధ నైపుణ్యాన్ని చూపిస్తాయి. నేను చూపించదలచింది ఎద్దులను. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ఆ ఎద్దులు ఎవరివి, అవి చస్తే నష్టం ఎవరిది అన్న సంగతిని.

ముందు ఒక లెక్క చూడాలి. సుమారు 20,000 మంది పోరాడే సైన్యం కదిలిందంటే, ఒక్కొక్కడి వెనుక ముగ్గురో నలుగురో నడిచేవారు. గడ్డి కోసేవాళ్లు, డోలీలు మోసేవాళ్లు, చాకళ్లు, వంటవాళ్లు, ఎద్దులు తోలేవాళ్లు, సిపాయిల భార్యాబిడ్డలు, అంగళ్లవాళ్లు అందరూ కలిస్తే దాదాపు లక్ష నోళ్లు. మనిషికి రోజుకు శేరు గింజలు అనుకుని, పెరికెద్దు కంటలంలో సుమారు వంద కిలోలు పడతాయనుకుంటే, ఆ దండు ఒక్కరోజు తిండికి వెయ్యి ఎద్దులు కావాలి. నెల రోజులకు ముప్పై వేలు. ఫిరంగులు లాగే ఎద్దులు, గుండ్లూ మందూ మోసే ఎద్దులు ఈ లెక్కలోకి రావు. పైగా ఎద్దుకూ కడుపుంది. దాని మేతను వెంట మోసుకుపోవడం అసాధ్యం గనుక, దారిలో గడ్డి దొరికితేనే అది నడుస్తుంది. అంటే రాజు కోటను కాపాడుకోవడానికి ప్రతిసారీ శత్రువుతో తలపడనక్కర్లేదు. గడ్డివాములు తగలబెట్టి, ఊళ్లు ఖాళీ చేయించి, వానలు పడేదాకా ఓపిక పడితే చాలు. టిపూకు ఈ సంగతి బాగా తెలుసు. మైసూరు రాజులు తరతరాలుగా ‘బెణ్ణె చావడి’ పేరుతో పెంచిన పశువుల మందలకు ‘అమృత మహల్’ అని పేరు పెట్టినవాడు ఆయనే. పొడుగు కొమ్ములతో, బిగువైన ఒంటితో ఉండే ఆ ఎద్దుల బలంతోనే ఆయన తండ్రి హైదర్ అలీ శత్రువులు ఊహించని వేగంతో ఫిరంగులను తరలించేవాడు. కంపెనీ సైన్యానికి అలాంటి మందలు లేవు. యుద్ధం వచ్చినప్పుడల్లా కాంట్రాక్టర్ల ద్వారా అద్దె ఎద్దులు పోగుచేసుకోవడమే దాని పద్ధతి.

1791 ఫిబ్రవరిలో కార్న్‌వాలిస్ వేలూరు నుంచి బయల్దేరి, ఆంబూరు కనుమ వైపు పోతున్నట్టు కనిపించి, ఉత్తరానికి మళ్లి చిత్తూరు పక్కనున్న మొగిలి కనుమ ఎక్కాడు. బరువైన ఫిరంగులను ఎద్దులు ముందునుంచి లాగుతుంటే ఏనుగులు వెనకనుంచి నెట్టాయి. పలమనేరు చేరేసరికి అడ్డుకునేవాడే లేడు. ఎత్తుగడగా చూస్తే ఇది అద్భుతం. అక్కడినుంచి కోలారు, హోసకోటె మీదుగా మార్చి 5న బెంగళూరు ముందుకొచ్చాడు. 7న పేట, 21 రాత్రి కోట అతని చేతికి చిక్కాయి. ఖిల్లాదారు బహదూర్ ఖాన్ పోరాడుతూ ప్రాణం విడిచాడు. అయితే ముట్టడి సాగినన్నాళ్లూ పశువులు మేత లేక రోజూ కూలుతూనే ఉన్నాయి. కోట గెలిచేనాటికి దానికన్నా విలువైనదొకటి కార్న్‌వాలిస్ చెయ్యి జారిపోతోంది. అది కాలం. మార్చి 28న అతను శ్రీరంగపట్నం వైపు కాక ఉత్తరానికి నడిచాడు, నిజాం పంపిన గుర్రపు దళాన్ని కలుసుకోవడానికి, కనుమల కిందనుంచి వచ్చే సరుకుల బిడారును అందుకోవడానికి. తిరిగి బెంగళూరు చేరేసరికి ఏప్రిల్ 28. ఎండాకాలంలో సరిగ్గా నెల రోజులు ఖర్చయిపోయాయి. నిజాం రౌతులు పదివేలమంది వచ్చారు. కానీ టిపూ తేలికపాటి అశ్వదళాన్ని దూరంగా తరమడం వాళ్లవల్ల కాలేదు. సైన్యానికి దక్కాల్సిన కాస్త గడ్డి, గింజలు మాత్రం వాళ్ల గుర్రాలు తినేశాయి.

మే మొదటివారంలో దండు శ్రీరంగపట్నానికి కదిలినప్పుడే ఈ దండయాత్ర సగం ఓడిపోయిందని నా అభిప్రాయం. చన్నపట్న మీదుగా వెళ్లే రాచబాట పొడవునా టిపూ ఊళ్లను బూడిద చేయించాడు. అందుకని కార్న్‌వాలిస్ దక్షిణాన కనకపుర వైపు గుట్టల దారి పట్టాడు. అక్కడా అదే బూడిద ఎదురైంది. ఎద్దులు చాలక ఫిరంగి గుండ్లను దండు వెంట నడిచేవాళ్ల చేత, ఆడవాళ్ల చేత, పిల్లల చేత కూలికి మోయించారు. మే 13న కావేరి ఒడ్డున అరకెరె చేరేసరికి పడమటి కనుమల్లో వానలు మొదలై నది దాటరాకుండా పారుతోంది. 15న జరిగిన యుద్ధంలో టిపూ వెనక్కి తగ్గాడు. ఆ గెలుపువల్ల ఒరిగిందేమీ లేదు. మలబారు నుంచి కొడగు మీదుగా వచ్చిన బొంబాయి సైన్యం పెరియపట్న దగ్గర కూర్చుని ఉంది. దాన్ని కలవాలని కన్నంబాడి దాకా పైకి నడిచారు. ఆ నాలుగైదు రోజుల్లో ఎద్దులు గుంపులు గుంపులుగా పడిపోయాయి. ఫిరంగులను సిపాయిలే తాళ్లు కట్టి లాగారు. బియ్యం కొలత సగానికి తగ్గింది. దండు వెంటనున్నవాళ్లలో చాలామంది చచ్చిన పశువుల మాంసం తిని బతికారు. మే 22న ముట్టడి ఫిరంగులను పగలగొట్టి, గుండ్లను పాతిపెట్టి తిరుగుముఖం పట్టాలని కార్న్‌వాలిస్ నిశ్చయించుకున్నాడు. పదేళ్ల కిందట అమెరికాలోని యార్క్‌టౌన్‌లో ఫ్రెంచి ఓడలు సముద్రం దారి మూసేస్తే లొంగిపోయిన సేనాని ఈ మనిషే. దారి తెగితే సైన్యం ఏమవుతుందో అతనికంటే బాగా తెలిసినవాళ్లు ఆనాడు తక్కువ. ఇంకా నాలుగు రోజులు మొండికేయకుండా, ఫిరంగులను బలిపెట్టి మనుషులను దక్కించుకున్నందుకు అతన్ని మెచ్చుకోవాలి.

మే 26న తిరుగు ప్రయాణం మొదలైన రోజే ఒక వింత జరిగింది. ఎదురుగా గుర్రపు దండు ఒకటి కనిపిస్తే టిపూ మనుషులని సిపాయిలు తుపాకులు సర్దుకున్నారు. తీరా చూస్తే మరాఠాలు. హరిపంత్ ఫడ్కే, పరశురామ్ భావుల సైన్యాలు అంత దగ్గరికి వచ్చినట్టు కార్న్‌వాలిస్‌కు ఒక్క కబురూ అందలేదు. టిపూ రౌతులు హర్కారాలను అంత పకడ్బందీగా పట్టుకున్నారు. నాలుగు రోజుల ముందే ఆ కబురు తెలిసి ఉంటే ఫిరంగులు మిగిలేవేమో. మరాఠా దండులో ఇంగ్లీషువాళ్లను ఆశ్చర్యపరిచింది అక్కడి గుర్రాలు కాదు, బజారు. ఆకలితో ఎండిపోయిన కంపెనీ దండుకు కూతవేటు దూరంలో గింజలు, పప్పులు, మేకలు, ఎండుచేపలు, విలాయతీ బనాతు, కాశ్మీరు శాలువాలు, చాకులు, నగలు అమ్మే అంగళ్ల వీధులున్నాయి. దారిపొడవునా దోచుకొచ్చిన సొత్తు కొంత, కొని తెచ్చిన సరుకు కొంత. ధరలు మండిపోతున్నా సిపాయిలు ఎగబడి కొన్నారు. హరిపంత్ ఆ బజారునే ఆయుధంగా వాడుకుని, సైన్యం ఖర్చులకని కంపెనీని లక్షల్లో అప్పడిగాడు. మిత్రులను పోగొట్టుకునే ధైర్యం లేని కార్న్‌వాలిస్, చైనా వ్యాపారం కోసం మద్రాసు చేరిన ఓడల్లోని వెండిని ఆపించి ఆ సొమ్ము సర్దాడు. కాంటన్‌లో తేయాకు కొనాల్సిన వెండి కన్నడ దేశంలో జొన్నలకు ఖర్చయింది.

ఆ బజారులో కార్న్‌వాలిస్ నేర్చుకున్న పాఠమే మలుపు. సర్కారు గోదాములో నిల్వచేసి, సర్కారు ఎద్దుల మీద మోయించి, సర్కారు కొలతతో పంచితే తిండి చాలడంలేదు. అమ్ముకునేవాడు తన సరుకును తానే తెచ్చుకుంటే చాలుతోంది. ఆ పని దక్కనులో తరతరాలుగా చేస్తున్నవాళ్లు బంజారాలు, మనం లంబాడీలని పిలిచేవాళ్లు. 1630ల్లోనే పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడు ఉత్తరాదిన 14,000 ఎద్దుల తండాను చూసి, రోజుకు ఆరేడు మైళ్లు మాత్రమే నడిచి మందను మేపుకుంటూ పోతారని రాసుకున్నాడు. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే పది పన్నెండు వేల ఎద్దుల బిడార్లను చూశాడు. భార్య, పిల్లలు, గుడారం, కుక్కలు అన్నీ ఎద్దులతోపాటే సాగేవి. రాత్రి దిగినచోట గింజల బస్తాలనే చుట్టూ పేర్చి ప్రాకారంగా వాడుకునేవారు. దేవుడికి వదిలిన ఎద్దు ఒకటి బరువేదీ లేకుండా, అలంకారాలతో, గంటలతో ముందు నడిచేది. అది ఆగినచోటే మజిలీ. శాంతికాలంలో కోస్తా నుంచి ఉప్పు పైకి, పైనుంచి పత్తీ ధాన్యమూ కిందికి మోసేవారు. యుద్ధకాలంలో దండును వెదుక్కుంటూ వెళ్లేవారు. వాళ్ల దగ్గర ధాన్యం రెండు పక్షాలకూ కావాలి గనుక, వాళ్లను దోచుకుంటే మర్నాడు రెండో తండా రాదు గనుక, ఇరుపక్షాలవాళ్లూ వీలైనంతవరకు వాళ్ల జోలికి పోకపోవడం ఆచారంగా ఉండేది.

అద్దె ఎద్దును తోలేవాడికీ లంబాడీకీ ఉన్న తేడా ఏమిటంటే, మొదటివాడిది దినకూలి. ఎద్దు చస్తే పోయేది కాంట్రాక్టరుదో కంపెనీదో తప్ప అతనిది కాదు. వీపు పుండుపడినా, మేత లేకపోయినా, ఫిరంగులు మోగితే తాడు వదిలి పారిపోవడంలో అతనికి నష్టం లేదు. లంబాడీకి ఆ ఎద్దే ఆస్తి, ఇల్లు, కూతురి పెళ్లి. ఎక్కడ గడ్డి ఉందో, ఏ వాగు ఎప్పుడు దాటొచ్చో, ఎంత బరువెక్కిస్తే వీపు చెడదో అతనికి తెలుసు, తెలుసుకోక తప్పదు. పదిమంది అధికారులు కొరడాలు పట్టుకుని చేయించలేని జాగ్రత్త యాజమాన్యం దానంతటదే చేయించింది. ఈ సంగతి బాగా గ్రహించినవాడు కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్. దండుకు వేగులు నడిపిందీ ఇతనే, సరుకులు రప్పించిందీ ఇతనే. ఆ రెండు పనులు ఒకే మనిషి చేతిలో ఉండటం యాదృచ్ఛికం కాదు. ఏ దారి సురక్షితమో తెలిసినవాడే తండాలను నమ్మించగలడు. రీడ్ తండా నాయకులను పిలిపించి బయానాలు ఇచ్చాడు, తెచ్చిన సరుకు కొంటామని హామీ ఇచ్చాడు. 1791 రెండో సగానికల్లా వేలకొద్దీ పెరికెద్దులు కంపెనీ దండు చుట్టూ తిరగసాగాయి. టిపూ ఏలుబడిలోని ఊళ్లనుంచి కూడా లంబాడీలు ధాన్యం తెచ్చి అమ్మారు.

దీనికి తోడుగా కార్న్‌వాలిస్ చేసిన రెండో పని దారిని సొంతం చేసుకోవడం. జూన్ నుంచి జనవరి దాకా జరిగిన పోరాటాల పట్టీ చూస్తే, అతను టిపూను ఎక్కడా వెంటాడలేదని తెలుస్తుంది. హోసూరు, రాయకోట తీసుకున్నాడు, కనుమల దారి తెరుచుకుంది. ఆగస్టులో ఆ దారిగుండానే, నూరు ఏనుగుల మీద ధనం, ఆరువేల ఎద్దుల మీద బియ్యం, నూరు బండ్లలో సారాయి ఎక్కించుకుని ఒక బిడారు దండుకు చేరిందని ఆ యుద్ధంలో ఉన్న మేజర్ డిరోమ్ రాశాడు. అక్టోబరులో నందిదుర్గం, డిసెంబరులో సావనదుర్గం లొంగాయి. ఒక్కో దుర్గం పడేకొద్దీ తండాల మీద దాడిచేసే స్థావరం ఒకటి తగ్గింది. దుర్గాలు పట్టినవారి శౌర్యం గురించి బొమ్మలు గీశారు, పద్యాలు కట్టారు. కొండమీది జెండాకన్నా కొండ కింది బాట విలువైనదని నేను అంటాను.

ఇక్కడ మూడు ఆక్షేపణలు ఎదురవుతాయి. ఇద్దరు రాజులు తోడు లేకపోతే కంపెనీ గెలిచేదే కాదు గదా అన్నది మొదటిది. నిజమే, కానీ ఆ కూటమి 1790 నుంచే ఉంది, మే ఓటమినాడు కూడా ఉంది. కూటమి పనికొచ్చిన ఘట్టాన్ని పట్టి చూస్తే అది మరాఠాల బజారు తెరుచుకున్న రోజు. మిత్రుడి విలువ కత్తిలోకన్నా కంటలంలో తేలింది. 1791లో వాన ముందుగా రావడం దురదృష్టమే తప్ప మరేం కాదన్నది రెండో మాట. వాన కొన్నాళ్లు ముందొచ్చి ఉండవచ్చు. అయినా మే మధ్యలో కావేరి ఒడ్డున ముట్టడి మొదలుపెట్టాలనుకున్నవాడు మృగశిర కార్తె ముంగిట గుడారం వేసుకున్నట్టే లెక్క. ఆ ఆలస్యం బిడారు కోసం, గుర్రాల కోసం పోయిన ఏప్రిల్ వల్ల వచ్చింది. అంటే వాన చేతిలో ఓడినా, వాన ముందుకు అతన్ని నెట్టింది సరుకుల కొరతే. మరుసటి ఏడు అతను ఫిబ్రవరి 5కే కోట ముందున్నాడు. నది తగ్గి ఉంది, వానలకింకా మూడు నెలలుంది. లంబాడీ ఎద్దు ఫిరంగి లాగదు కదా అన్నది మూడో ఆక్షేపణ, కాస్త పదునైనది. లాగదు, నిజమే. అయితే తిండి మోత తండాల మీద పడ్డాక సర్కారు ఎద్దులన్నీ ఫిరంగులకు మిగిలాయి. మే నెలలో ఒకే ఎద్దు బియ్యానికీ గుండుకూ కావలసి వచ్చి రెంటికీ చాలకపోయింది.

తండాలు తెచ్చిన గింజలు ఎక్కడివన్న ప్రశ్న మాత్రం ఇంత తేలిగ్గా వదిలేది కాదు. ఆ ఏళ్లలోనే, 1790 నుంచి 1792 దాకా, ఉత్తర సర్కారుల్లోనూ హైదరాబాదు రాజ్యంలోనూ ఘోరమైన కరువు. దహనానికీ ఖననానికీ మనుషులు లేక ఎముకలు బాటల పక్కనే పడి ఉన్నందుకు జనం దాన్ని పుర్రెల కరువన్నారు. ఆ కరువు వానలు తప్పడంవల్ల వచ్చింది, దండులవల్ల కాదు. కానీ వెండి ఎక్కడ ఎక్కువ పలికితే ధాన్యం అటే నడుస్తుంది. లక్షమంది చేతుల్లో జీతాల నాణేలున్న దండు ఒకవైపు, చేతిలో ఏమీ లేని పల్లె మరోవైపు ఉన్నప్పుడు ఎద్దు ఎటు తిరుగుతుందో చెప్పనక్కర్లేదు. గుర్రంకొండ చుట్టుపక్కల పల్లెలకు ఇంకో దెబ్బ కూడా తగిలింది. అక్కడ నిజాం సైన్యం నెలల తరబడి ముట్టడి వేసుకుని కూర్చుంది. టిపూ కొడుకు ఫతే హైదర్ హఠాత్తుగా వచ్చి విరుచుకుపడితే నిజాం సేనాని హాఫిజ్ ఫరీదుద్దీన్ హతుడయ్యాడు. ఏ పక్షం గెలిచినా ముందుగా తెరిచింది ఆ రైతు గాదెనే. కార్న్‌వాలిస్ బజారు పద్ధతి దండును బతికించిందని ఒప్పుకుంటూనే, దాని ఖర్చులో పెద్దభాగం దండు లెక్కల్లోకి ఎన్నడూ ఎక్కలేదని చెప్పాలి. గడ్డివాములకు నిప్పుపెట్టించిన టిపూ లెక్కల్లోకీ అది ఎక్కలేదు.

1792 ఫిబ్రవరి 6 రాత్రి దాడితో కోట చుట్టూ ఉన్న టిపూ శిబిరం చెదిరింది, కోట ఉన్న దీవిలో కొంతభాగం శత్రువుల చేతికి పోయింది. 24న సంధి మాటలు కుదిరాయి. రెండు రోజులకు ఆయన కొడుకులిద్దరు తాకట్టుగా కార్న్‌వాలిస్ గుడారానికి వెళ్లారు. రాజ్యంలో సగం, 3 కోట్ల 30 లక్షల రూపాయలు పోయాయి. కడప, గండికోట సీమలు నిజాం పాలయ్యాయి. బారామహల్ కంపెనీకి దక్కింది. అక్కడ శిస్తు నిర్ణయించడానికి కార్న్‌వాలిస్ ఎంచుకున్నది రీడ్‌నే. ఏ ఊళ్లో ఎన్ని గింజలుంటాయో, ఏ బాట ఎవరిదో రెండేళ్లుగా లెక్కగట్టిన మనిషికి పన్ను లెక్క కొత్తది కాదు. అతని సహాయకుల్లో ఒకడు థామస్ మన్రో. తర్వాత దత్తమండలాలకు కలెక్టరై వచ్చి మన రాయలసీమలో రయత్వారీని పాదుకొల్పిన మన్రో ఇతనే. దండుకు తిండి సమకూర్చడంలో అబ్బిన లెక్క, ఊరినుంచి శిస్తు రాబట్టే లెక్కగా ఎలా మారిందన్నది ఇంకో భాగంలో వివరంగా చెప్పుకుందాం.

అంతకుముందు 1799 ఉంది. కార్న్‌వాలిస్ వెళ్లిపోయాడు, టిపూ సంధి సొమ్ము తీర్చి కొడుకులను వెనక్కి తెచ్చుకుని కోటను బలపరిచాడు. ఈసారి జనరల్ హారిస్ అంతకన్నా పెద్ద మందతో, నిజాం తరఫున మీర్ ఆలం దండుతో కలిసి, బియ్యం నిండుగా ఉందన్న ధీమాతో శ్రీరంగపట్నం చేరాడు. ఏప్రిల్ 16న బస్తాలు విప్పి కొలిపిస్తే, దొంగతనమో దారిలో నష్టమో, పోరాడేవాళ్లకు సగం కొలతన 18 రోజులకు సరిపడా బియ్యమే మిగిలిందని తేలింది. రావాల్సిన గింజల బిడారు ఇంకా చేరలేదు. మే 4న గోడకు పడిన గండిలోంచి దాడి జరిగి కోట పడిపోయింది. ఆ 18 రోజుల్లో రెండువైపులా ఎవరు ఎవరి లెక్క కట్టారో వచ్చే భాగంలో.